రేసు కారుకు పెళ్లి చీర

సర్జాపుర దాటాక ఒక మట్టి మైదానంలో ఆదివారం కార్ల రేసు. నాకు అదే మొదటిది. వారమంతా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయే నేను, ఆ ఒక్క రోజు కోసం ఏడాదిగా ప్రాక్టీసు చేశాను. తనిఖీలో కారు ఫెయిలైతే అదంతా బూడిదలో పోసిన పన్నీరే.

మా విభాగంలో కారు లోపలికి రూల్సు మూడే. కంపెనీ బిగించింది ఏదీ పీకకూడదు. వదులుగా ఏదీ వేలాడకూడదు. అందం కోసం తొడిగేది చప్పున నిప్పంటుకునేది కాకూడదు.

మూడో రూలు వినగానే మా అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. ఆమె పుట్టిల్లు దొడ్డబళ్ళాపురంలో మగ్గాల ఇల్లు. ఎవరైనా కొత్త పట్టుచీర చూపిస్తే చాలు, అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీస్తుంది. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి తనంతట తానే ఆరిపోతుంది. నకిలీదైతే భగ్గుమని మండి బొట్లుగా కారుతుంది. ఆమె అగ్గిపుల్లకు భయపడని కొత్త పెళ్లికూతురు మా అపార్ట్‌మెంట్‌లో లేదు.

ఆ పరీక్ష తప్పించుకున్నది ఆమె పెళ్లి చీర ఒక్కటే. తాళి కట్టించుకున్న చీర పోగును కాలిస్తే అరిష్టమని వాళ్లింటి నమ్మకం. దాన్నే కత్తిరించి కారు తలుపులకు లోపలివైపు తొడుగులు కుట్టింది. బీరువాలో పడి ఉండేకంటే కోడలికి కాపలాగా ఉండనీ అంది. మామయ్య మొదట వద్దన్నారు, ఆమె చూసిన చూపుకు ఊరుకున్నారు. నాకైతే ఆ ఎరుపు, ఆ జరీ తెగ నచ్చేశాయి. కారెక్కితే కల్యాణ మండపంలో కూర్చున్నట్టే ఉండేది.

ఆదివారం తనిఖీ ఆఫీసరు టార్చి పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. అద్దానికి నేను కట్టిన నిమ్మకాయను విప్పించాడు. తలుపుల దగ్గర ఆగాడు. అది స్వచ్ఛమైన పట్టని అత్తమ్మ చెప్పిన తీరుకు ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఆయనకు కలగలేదు. పాసైనట్టు స్టిక్కరు అతికించబోతుండగా మామయ్య ముందుకొచ్చారు.

“నిలపండి సార్. అది పట్టు కాదు. నేనే కొనింది, నాకు తెలుసు.”

పెళ్లినాటికి అసలు పట్టు కొనే స్థోమత లేక, పట్టులా మెరిసేదాన్ని తెచ్చారట. అమ్మాయిని దాని మధ్య కూర్చోబెట్టి పంపలేనని నేల చూస్తూ చెప్పారు. ఆఫీసరు స్టిక్కరు వెనక్కి తీసుకున్నాడు. నాకు మామయ్య మీద ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఆగిన మనిషి ఇంకో గంట ఆగలేకపోయారా?

అత్తమ్మ సంచిలోంచి చిన్న కత్తెర తీసి, తన కుట్లు తానే పటపటా విప్పేసింది. కింద కంపెనీ ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా ఉంది. ఆఫీసరు తలుపులు మళ్లీ తడిమి చూసి స్టిక్కరు అతికించాడు. రేసులో నేను చివరి నుంచి రెండోదాన్ని. అయినా నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

హెల్మెట్ తీసి వచ్చేసరికి ఇద్దరూ షామియానా కింద కూర్చుని ఉన్నారు. అత్తమ్మ ఒళ్లో చీర ముక్కలు మడత పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

“ఈ చీర కట్టిన దినమంతా నన్ను పొయ్యికాడికి రానీకుండా ఉండింది అందుకేనా?”

మామయ్య తలూపారు. ఆ చీర కట్టిన రోజుల్లో వంటంతా ఆయనే చేసేవారు. పెళ్లాం మీద మక్కువని వీధి వీధంతా నవ్వేదట. అత్తమ్మ మిగతా ముక్కలు కూడా మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత, ఉగాదికి ఆ ముక్కలతోనే రవిక కుట్టించుకుంటానని, వంట మాత్రం ఆయనే చేయాలని చెప్పింది.