గుట్టను కలపడం మరిచిన లెక్క

మా ఫొటో క్లబ్బు ప్రదర్శన నుంచి నా ఫొటో వరుసగా మూడేళ్ళు తిరిగొచ్చింది. నిరుడు హుస్సేన్‌సాగర్ మీద కంప్యూటర్‌లో చంద్రుణ్ణి అతికించాను. చంద్రుడు ఎడమ పక్కన, నీళ్ళలో వెలుగు కుడి పక్కన పడ్డాయి. న్యాయనిర్ణేతల నవ్వు నాకు మెట్ల దాకా వినిపించింది. ఈసారి అసలు సూర్యుణ్ణే పట్టుకోవాలని, గడువు ముగిసే రోజు తెల్లవారుజామున భువనగిరి బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో 4.50కి కదలాల్సిన ప్యాసింజరు 5.03కి కదిలింది. 6.14కి దిగి, ఊరి మీద ఒకే బండరాయిలా నిలిచిన గుట్టకు పడమటి వైపు స్టాండు నిలబెట్టాను. క్యాలెండరు ప్రకారం సూర్యోదయం 6.47. ఆ నిమిషం వచ్చింది, పోయింది. 6.55 కూడా అయింది.

నాకూ గుట్టకూ నడుమ బండి మీద ఇడ్లీలు అమ్ముకుంటున్న ఆవిడ అరిచింది.

"ఏందీ సార్, ఎవరి కోసం చూస్తున్నవ్?"

"సూర్యుడి కోసం."

"గుట్టెనక ఉన్నడు. గింత పెద్ద గుట్ట, ఎక్కి రావద్దా? అందాక రెండు ఇడ్లీ తిను."

అక్షాంశం, తేదీ, లెన్సు కోణం అన్నీ కలిపి నోటుబుక్కులో రెండు పేజీల లెక్క చేశాను. గుట్టను కలపడం మరిచాను.

తిరుగు రైలు 7.40కి. దాన్ని పట్టుకుంటే నాలుగో ఏడూ పోయినట్టే. రైలునే వదిలి నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీలో కారం ఎక్కువ. వెళ్ళేవారు నీళ్ళ సీసా మరవకండి.

బండి కాస్త పక్కకు జరపమని ఆవిణ్ణి బతిమాలాను.

"పదేండ్ల సంది గీ జాగ నాది. నువ్వే జరుగు."

ఎడమకు జరిగితే కరెంటు తీగలు. కుడికి జరిగితే ఒక నాయకుడి బ్యానరు. మళ్ళీ మొదటి చోటికే వచ్చాను. 7.58కి గుట్ట అంచున వెలుగు పొడిచింది. రెండు నిమిషాల్లో నలభై ఒక్క ఫొటోలు. ఇరవై మూడోది అద్భుతం. కాకపోతే అందులో ఆవిడ ఇడ్లీ ప్లేటు కళ్ళకు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణే చూస్తోంది. ఇంటికెళ్ళి చెరిపేయాలనుకున్నాను. మూడు గంటల పని.

8.35కి సికింద్రాబాద్ బస్సు దొరికింది. పక్క సీట్లో బోయిగూడలో కూతురింటికి వెళ్తున్న రిటైర్డు టీచరమ్మ. గుంటూరు వైపు మాట. కెమెరా తెరలోకి తొంగి చూశారు.

"బాగుందండీ. ఈవిడెవరు?"

"ఎవరో. చెరిపేస్తాను."

"ఏం పాపం చేసిందండీ?" అంటూ కెమెరా తీసుకుని, ఆవిడ మీద బొటనవేలు పెట్టారు. "ఇప్పుడు చూడండి."

చూశాను. బంగాళాదుంప! వెనక నుంచి వెలుగు పడుతున్న బంగాళాదుంప. వేలు తీస్తే మళ్ళీ భువనగిరి. పక్కన మనిషి లేకపోతే అది కొండో దుంపో చెప్పడానికి కొలత లేదు. నా వేలితో కూడా చూశాను. దుంపే.

వెనక సీటాయన మెడ చాచాడు. "మళ్ల పెట్టుండ్రి సార్, నేను సుత చూస్త." డ్రైవరు తప్ప ముందు సీట్లవాళ్ళంతా చూశారు.

గడువు సాయంత్రం ఐదింటికి. సంచిలో ఉన్న దరఖాస్తులో ఫొటో పేరు రాత్రే పెన్నుతో 'నిర్జన శిఖరం' అని రాసేశాను. బస్సు తార్నాక దాటుతుండగా 'నిర్జన' కొట్టేశాను. శిఖరం మిగిలింది. అదీ ఇడ్లీల ఆవిడ పుణ్యమే.