అవ్వ పండ్ల సందులు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, పళ్ల దవాఖానలో పనిచేసే ప్రతి మనిషీ డాక్టరేనని మా ఊరు నమ్మేది. ఆ నమ్మకాన్ని చెడగొట్టడానికి నాకూ మనసొప్పేది కాదు. నేను చదివింది డెంటల్ హైజీనిస్ట్ కోర్సు. పళ్లకు పట్టిన గార తీయడం, చిగుళ్లను ఎలా కాపాడుకోవాలో చెప్పడం నా పని. జడ్చర్లలో కొలువు దొరికిందని చెబితే, గొర్రెలు కాసే మా బాపు, "మంచిదే బిడ్డా. గొర్రె వయసు తెల్వాల్నంటె నేను గూడ పండ్లే చూస్త. మన ఖాందాన్ పనే" అన్నాడు. (మా వైపు పళ్లను పండ్లనే అంటాం.)

చేరి నెల దాటినా మా ఊరివాళ్లెవరూ నా దగ్గరికి రాలేదు. చివరికి నేనే మా అవ్వను, అంటే బాపు తల్లిని, బతిమాలి తీసుకెళ్లాను. ఆమె చిగుళ్ల నుంచి రోజూ నెత్తురు కారేది. ఏళ్ల తరబడి పొగాకు నమిలి నమిలి, కింది పళ్ల వెనక గార గోడ కట్టినట్టు పేరుకుపోయింది. మా డాక్టరమ్మ చూసి, "నువ్వే తియ్యి" అంది. ఒక్కో పెచ్చు ఊడివస్తుంటే లోపల గర్వం పొంగింది. పని అయ్యాక అద్దం ఇచ్చాను. అవ్వ దానివైపు చూడనే లేదు. నాలుకతో పళ్ల వెనక తడుముకుంది. మళ్లీ తడుముకుంది.

"నా పండ్లు అరగదీసినవు గదనె. గీ సందులు యాడికెళ్లి వచ్చినయి?"

"అవి మొదటినుంచే ఉన్నయే అవ్వా. గార నిండి తెల్వలే, గంతే."

"నా నోరు నాకు తెల్వదా?"

ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. సొంత అవ్వనే గట్ల చేసిన పిల్ల మనల్ని ఇడుస్తదా అనుకున్నారట. బాపు ముఖం చిన్నబోయింది. అమ్మయితే, "మందుల కంపెనీల పనికి మనుషులను తీస్కుంటున్నరంట, ఒకపారి అడిగి చూడరాదె" అంది. అడుగుదామనే అనుకున్నాను కూడా. అవ్వ నాతో మాట్లాడటం మానేసింది. పొద్దున్నే నేనిచ్చిన బ్రష్షుతోనే, నాకు వీపు తిప్పి కూర్చుని, నామీది కోపమంతా పళ్లమీద చూపిస్తున్నట్టు తోముకునేది. (అంత శ్రద్ధగా తోముకునేవాళ్లను నేను మళ్లీ చూడలేదు.)

కొన్ని వారాల తర్వాత ఒక అంగడి రోజున అవ్వ చెప్పాపెట్టకుండా దవాఖానకు వచ్చింది. పక్కింటి ముసలామెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"దీనియి గూడ గీకు" అంది.

"నెత్తురు తగ్గిందా అవ్వా?"

"ఎప్పుడో తగ్గింది."

"మరి నాకొక్క మాటన్న చెప్పకపోతివి?"

"చెప్తే నీకు ఎచ్చులెక్కుతయి."

"మరి సందుల సంగతేంది?"

అవ్వ ఆ ముసలామెను కుర్చీలో కూలదోసింది. "నాకొక్కదానికే ఎందుకుండాలె? దీనికి గూడ పడనియ్యి."

ఆ తర్వాత మా ఊరు ఒక్కొక్కరుగా వచ్చింది. ఇప్పుడు ఎవరు కూర్చున్నా ముందు సందుల సంగతి చెప్పి, తర్వాతే పని మొదలుపెడతాను. అవ్వ పోయేదాకా ఆ కింది పళ్లలో ఒక్కటీ ఊడలేదు. మా ఊళ్లో అదంతా నా పనితనమని ఎవరూ అనరు, అవ్వ ఒళ్లే అంత గట్టిదంటారు. కొలువులో చేరిన కొత్తలో అయితే అలిగి అన్నం మానేసేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాటెత్తితే, వాళ్లకంటే ముందు నేనే తలూపుతాను.