ముల్లు నొక్కేసిన గాలం

పన్నెండేళ్ల తర్వాత మళ్లీ క్లిఫర్డ్ తాత బర్న్‌లీ కాలువ గట్టున గాలం పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క చేపైనా పడకపోతే ఇంట్లో నాయనమ్మ మాటలు పడలేడు.

గట్టు చూసుకునే డెనిస్ వచ్చి గాలం చూసింది. "ఇదేంటి తాతా, ముల్లున్న కొక్కెమా? చేపల నోళ్లు చీలుతున్నాయని ఎప్పుడో ఆపేశాం," అని కొక్కెం మొన వెనక చేప జారకుండా ఉండే ఆ ఎదురు ముల్లును పటకారుతో నొక్కేసింది.

"మరి చేప జారిపోదూ?"

"దారం బిగువుగా పట్టుకుంటే జారదు."

గంటకు బెండు మునిగింది. అరచెయ్యంత చేప! చేపను పైకెత్తే చేతివల అందుకుందామని తాత పాత అలవాటుగా కర్ర దించాడు. దారం వదులైంది, చేప చక్కా పోయింది.

"చెప్పానా?" అంది డెనిస్.

"చేతులు నా మాట వింటేగా!" అని తాత ఖాళీ చేపల బుట్టను తన్నాడు.

ఇంటికెళ్లి వాన చెడగొట్టిందన్నాడు. నాయనమ్మ అతని పొడి కోటును తడిమి చూసింది.