రాగిచెంబుకు ఏకాదశి లేదు

వాగ్దేవతకు నమస్కరించి, ఆ తల్లి నా నాలుక మీది నుండి దిగి పారిపోయిన ఘట్టాన్ని విన్నవిస్తున్నాను. మన్మథ నామ సంవత్సర కార్తీక శుద్ధ ఏకాదశి, ఆదివారం. పాఠకులారా, ఆనాడు త్రిపురాంతకం సమీపాన నా పాండిత్యం నిలువునా మునిగినది. మునిగినదీ చెంబెడు నీళ్లలోనే.

నా శిష్యురాలు రత్నమ్మ తమ దళితవాడలో పఠనమందిరం తెరుస్తూ తొలి ఉపన్యాసానికి నన్ను పిలిచినది. పంతులు మన వాడకు వస్తాడా అని అందరూ నవ్వితే, మా అయ్యవారు అట్లాంటివారు కారని వాదించినదట.

విషయం ఒక పరదేశపు పాత నవల. అందులో తెల్ల యజమానురాలు నల్లజాతి కూలివానికి వేరే గిన్నె పెడుతుంది. ఆ ఒక్క గిన్నెతో రచయిత ఆ సమాజపు మర్యాదలన్నింటినీ కొలిచి, వెలితి చూపినాడు. మార్కాపురం పలక మీద మేకు గీరినట్లు కంఠం కీచుమనేదాకా గర్జించినాను. గొంతెండినది. రత్నమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చినది.

నా చేయి ఉన్నదే, అరవై ఏళ్ల ఆచారం మరిగినది! నన్నడగకుండానే సంచిలో దూరి, ఇంటి రాగిచెంబు తీసి, రెండు గుక్కలు తాగించినది. చెప్పేవి శ్రీరంగనీతులు, తాగేది సొంత చెంబు!

ముందు వరుసలో రత్నమ్మ తల్లి ఓబులమ్మ లేచినది. "అయ్యవారూ, ఆ నల్లాయనకు వేరే గిన్నె పెట్టినారంటిరే. మరి మీ సంచిలోది ఏంది?"

రత్నమ్మ ముఖం వాడినది. అయినా నన్ను కాయబోయినది: "ఊరుకోమ్మా. ఈ పొద్దు ఏకాదశి, అయ్యవారు ఉపవాసముండారు."

"ఆ చెంబు నీళ్లకు ఏకాదశి లేదా?"

వాడంతా నవ్వినది. రత్నమ్మ నవ్వలేదు, గ్లాసు దించనూ లేదు. అందుకొని, అడుగంటా తాగినాను.

తిరుగు బస్సులో, వెంట వచ్చిన మా తమ్ముడు చెవి కొరికినాడు. "ప్రాయశ్చిత్తం చేసుకో అన్నయ్యా. నలుగురికీ తెలిస్తే వెలివేస్తారు."

"తప్పక చేసుకుంటాను. రేపటి ద్వాదశి పారణ రత్నమ్మ ఇంట. ఆ నలుగురికీ నువ్వే చెప్పు, నాకు శ్రమ తప్పుతుంది."

సూర్యచంద్రులు, నల్లమల, ఆ బస్సు కండక్టరు సాక్షిగా ప్రతిజ్ఞ చేసినాను: వేదిక మీదికి ఇక గొంతే తెస్తాను, చెంబు తేను.

మరునాడు, కార్తీక శుద్ధ ద్వాదశి, సోమవారం, రత్నమ్మ ఇంట జొన్నరొట్టెతో పారణ చేసినాను. ఓబులమ్మ వడ్డించినది. అలవాటుగా సంచిలో వచ్చిన చెంబు అక్కడే మరచినాను. ఇంతవరకూ తెచ్చుకోలేదు.