వెతికాను, ఏమీ లేదన్నాను

ఇది ఎవరికైనా చెప్పుకోవాలని ఏళ్లుగా అనుకుంటున్నాను. నోరు రాలేదు. ఇంట్లో చెప్పలేదు. చెప్పుకోవాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే రాయగలుగుతున్నాను.

నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఎస్తేరు, నేను కాంట్రాక్టు లెక్చరర్లం. ఒకే గైడు దగ్గర పీహెచ్‌డీకి చేరాం. ఆమెది దాచేపల్లి వైపు. వాళ్లమ్మ నాపరాయి క్వారీలో రాళ్లు మోసింది. అలాంటి ఆడవాళ్ల బతుకుల మీదే ఎస్తేరు పరిశోధన. మాది పొలాలున్న ఇల్లు, ఊళ్లో మాట చెల్లే ఇల్లు. చదువులో మాత్రం ఆమే ముందుండేది. గైడు గారు నా చాప్టరు చూసి తల ఊపేవారు. ఆమెది చూసి కూర్చోబెట్టి మాట్లాడేవారు. అది నాకు గుచ్చుకునేది.

లైబ్రరీ డేటాబేసుల్లో వెతకడం ఒక్కటే నాకు ఆమెకన్నా బాగా వచ్చు. ఎస్తేరు పల్నాడు అని, నాపరాయి అని కొట్టేది. అవి మన నోటి మాటలు. బయటివాళ్లు రాసేటప్పుడు గుంటూరు జిల్లా అంటారు, లైమ్‌స్టోన్ అంటారు. మాటలు మార్చి మార్చి కొట్టాలి, దొరికిన వ్యాసం చివరి రిఫరెన్సులు పట్టుకుని వెనక్కి పోవాలి. ఆమె కోసం వెతికిపెడతానని నేనే అన్నాను. మంచి మనసుతోనే అన్నానా? ఇప్పుడు చెప్పలేను.

వెతికాను. దొరికింది. వేరే రాష్ట్రం యూనివర్సిటీలో ఎవరో చేసిన థీసిస్. అవే క్వారీలు, దాదాపు అవే ప్రశ్నలు. అది చదివి ఉంటే ఎస్తేరు దాని మీద నిలబడి ఇంకో అడుగు ముందుకు వేసేది. చెప్పడానికే వెళ్లాను కూడా. వరండాలో గైడు గారు, ఈ పని కాలేజీకే పేరు తెస్తుందని ఆమెతో అంటున్నారు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగింది.

"అక్కా, ఏమన్నా దొరికిందా? సరిగ్గా చూశావా?"

"చూశానే. ఏమీ లేదు. నీదే మొదటిది."

"నువ్వు చూశావంటే ఇంక నాకు బెంగ లేదక్కా."

ఈ విషయం మీద ఇంతవరకు ఎవరూ పని చేయలేదని మొదటి చాప్టర్లో రాసింది. నా మాట నమ్మి రాసింది. థీసిస్ ఇచ్చేదాకా నిజం చెప్పే వీలు నాకు రోజూ ఉంది. రేపు చెబుదాంలే అనుకున్నానా, ఏం జరుగుతుందో చూద్దామనుకున్నానా? రెండోదే.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ పాత థీసిస్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. దీన్ని దాచిపెట్టి కాపీ కొట్టావన్నాడు. ఎప్పుడూ చూడలేదని ఆమె అంది. ఎవరూ నమ్మలేదు, గైడు గారు కూడా. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు. ఎస్తేరు నా పేరెత్తలేదు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, నీకు కనపడకపోతే నువ్వేం చేస్తావులే అని నన్నే ఓదార్చింది.

థీసిస్ తిరగ్గొట్టారు. ఆమె మళ్లీ మొదలుపెట్టలేదు. వాళ్లమ్మ ఆ ఏడాదే పోయింది. ఎస్తేరు ఇప్పుడు మాచర్లలో ఏదో ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చెబుతోందని విన్నాను.

నాకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం పర్మనెంటయింది. కొత్త స్కాలర్లకు డేటాబేసుల్లో వెతకడం ఎలాగో నేనే క్లాసు చెబుతాను. పల్నాడు, నాపరాయి అని కొట్టి చూపిస్తాను, ఏమీ రాదు. మాటలు మారుస్తాను, ఆ థీసిస్ తెర మీదకొస్తుంది. దీన్ని చూడకుండానే ఇక్కడ ఒకరు థీసిస్ రాశారని చెబుతాను. వేరే ఉదాహరణే దొరకలేదా నాకు? మొన్న ఒకమ్మాయి, ఇంత తేలిగ్గా దొరికేదాన్ని ఎవరైనా ఎలా వదిలేస్తారు మేడం అని అడిగింది. అజాగ్రత్త అన్నాను. అంటే తప్పు మళ్లీ ఎస్తేరు మీదికే నెట్టాను.

అజాగ్రత్త కాదు. క్వారీ కూలి కూతురు నాకంటే ముందు డాక్టర్ కావడం నాకు ఇష్టం లేదు. ఈ ఒక్క మాట రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఆమెకు ఎదురుపడి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు, వస్తుందని మాట కూడా ఇవ్వను. వరండాలో ఆమె అడిగినదానికి మాత్రం ఇక్కడ జవాబు చెబుతున్నాను. సరిగ్గానే చూశాను ఎస్తేరూ. దొరికింది.