చాచా కొలిచిన పార్కు

చాచా పోయారని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పొద్దున్నే పెట్టారు. నేను నమ్మలేదు. ఆ గ్రూపులో నీళ్లు రావని రాసిన రోజే నీళ్లు వస్తాయి, చెత్తబండి వచ్చేసిందని రాసిన రోజు మధ్యాహ్నమైనా రాదు. పైగా ముందురోజు సాయంత్రమే ఆయన మెట్ల మీద కూర్చుని పాత స్కూటర్లు కొనేవాడితో ఏదో వాదిస్తుంటే విన్నాను. గేటు తీసుకుని రోడ్డు దాటాను. ఎదురింటి ముందు చాలా జతల చెప్పులున్నాయి. లోపల చాచీ గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి తల మాత్రం అడ్డంగా ఊపింది. అప్పుడు నమ్మాను.

కళ్లతో చూడకుండా ఏదీ నమ్మకపోవడం నాకు చాచా అంటించిన అలవాటే.

ఆయన టైలర్. చిలకలగూడలో ముప్ఫై ఏళ్లకు పైగా స్కూలు యూనిఫారాలు కుట్టి, చూపు మందగించాక దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, మల్కాజ్‌గిరిలో మా ఎదురింటికి వచ్చారు. మాది విజయనగరం వైపు. మా ఆయన ఉద్యోగం, నా ఇన్సూరెన్సు ఆఫీసు కోసం ఇక్కడ ఇల్లు తీసుకున్నాం. వచ్చిన కొత్తలో నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. అందరికంటే తక్కువ నమ్మకం ఎదురింటాయన మీద.

కారణం ఉంది. ఆయన రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక మసీదు నుంచి నేరుగా ఇంటికి వచ్చేవారు కాదు. వీధులన్నీ తిరిగేవారు. కరెంటు స్తంభాల దగ్గర ఆగి, జేబులోంచి నీలం సుద్దబిళ్ల తీసి చిన్న గీత పెట్టేవారు. ఒకరోజు మా గేటు పక్కనున్న స్తంభం మీదా గీత కనిపించింది. దొంగలు ఇళ్లకు గుర్తులు పెడతారని ఎక్కడో విన్నాను. మా ఆయనతో చెబితే, "ముసలాయన, నువ్వు మరీనూ" అన్నారు. నాకు మనసు నిలవలేదు. మర్నాడు చున్నీ తలకు చుట్టుకుని ఆయన వెనకాలే బయల్దేరాను.

రెండు వీధులు దాటి ఆయన మా కాలనీ పార్కులోకి వెళ్లారు. మెడలోంచి టేపు తీసి ఉయ్యాల స్తంభం నుంచి అవతలి కంచె దాకా నేలంతా కొలవడం మొదలుపెట్టారు. టేపు చివర నేల మీద పెట్టి, కాలితో తొక్కి, వంగుతూ లేస్తూ. వెనక్కి తిరగకుండానే అన్నారు.

"ఎనకెనక ఎందుకు బేటీ? ఇగో, ఈ కొస పట్టుకో జెర."

సిగ్గుతో పట్టుకున్నాను. "ఏటి చేస్తున్నారండీ?" అని అడిగాను.

"ఏటి గాదు, ఏంది అనాలె ఈడ," అని నవ్వారు. "గుడ్డ అమ్మేటోడు మీటరంటడు. నేను కొలిచినంకనే అది మీటరు. పార్కు సుత గంతే."

స్తంభాల మీద గీతలు వెలగని లైట్లవని ఆ రోజే తెలిసింది. గీతలన్నీ లెక్కపెట్టి వారానికోసారి వార్డు ఆఫీసుకు అర్జీ రాసి ఇచ్చేవారట. లైటు వెలిగితే గీత తుడిచేసేవారు. మా స్తంభం మీది గీత తుడవడానికి నెలన్నర పట్టింది.

అలా నేను ఆయనతో నడవడం మొదలుపెట్టాను. తర్వాత మా ఆయన వచ్చారు. తర్వాత పై వీధి లెక్కల టీచరమ్మ, మూల ఇంటి రిటైర్డ్ రైల్వే గార్డు. ఆదివారాలు కొంచెం దూరం వెళ్లేవాళ్లం. చాచా నియమం ఒక్కటే, నడిచి వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరాలి. ఒకసారి చిలకలగూడ దాకా వెళ్లి ఆయన పాత దుకాణం ముందు నిలబడ్డాం. ఆయన లోపలికి వెళ్లకుండా, వేలాడదీసిన చొక్కాల కుట్లు బయటినుంచే చూసి పెదవి విరిచారు. ఒకసారి స్టేషన్ మీది నడక వంతెన ఎక్కి, వచ్చే పోయే రైళ్లు చూసి దిగాం. ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ నేనెప్పుడూ ఆ వంతెన మీద ఊరికే నిలబడలేదు. "మనం సూడని జాగను వేరేటోడు సూస్తడు బేటీ," అనేవారు. ఆ మాటలో ఉన్న హెచ్చరిక నాకు తర్వాత అర్థమైంది.

పార్కుకు ఆనుకుని అపార్టుమెంటు కట్టడం మొదలైంది. చుట్టూ రేకులు కట్టారు. ఒకరోజు టేపు చూసి చాచా, "జరిగింది" అన్నారు. రేకులు రెండడుగులు పార్కులోకి వచ్చాయి. తర్వాతి నెల ఇంకో అడుగు. కాలనీ సంఘం ప్రెసిడెంటు వెళ్లి అడిగితే బిల్డర్ మనుషులు టెంపరరీ అన్నారట.

"టెంపరరీ అన్నదే గట్టిగ నాటుకుంటది," అన్నారు చాచా.

ఆ మాట అన్న వారానికే, ఆఫీసు నుంచి వస్తూ నేనొక దృశ్యం చూశాను. సందు చివర టీ కొట్టు దగ్గర చాచా, ఆ కట్టడం సూపర్‌వైజరు పక్కపక్కన నిలబడి చాయ్ తాగుతున్నారు. సూపర్‌వైజరు అటూ ఇటూ చూసి మడిచిన కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని లాల్చీ లోపలి జేబులో దాచుకున్నారు.

ఆ రాత్రంతా నా మనసు నిలవలేదు. ఇన్నాళ్లూ మమ్మల్ని కూడగట్టింది ఇందుకేనా? రేటు పెంచుకోవడానికేనా? కొలతలు ఎవరి కోసం తీస్తున్నట్టు? పాత గుర్తులన్నీ కొత్త అర్థాలతో తిరిగొచ్చాయి. ఆ శనివారం సంఘం మీటింగులో పార్కు విషయం రాగానే నేనే లేచాను.

"చాచా వాళ్లతో చాయ్ తాగి కాగితం తీసుకోవడం నేను చూశాను. అదేటో ముందు చెప్పమనండి."

చాచా నావైపు చూశారు. కోపంగా కాదు, కుట్టిన బట్ట ఎక్కడ పిగిలిందో వెతుకుతున్నట్టు.

"ఉంది కాగితం," అన్నారు. "ఇంక పక్కా కాలే. పక్కా అయినంక చెప్త."

లేచి వెళ్లిపోయారు. ఆ జవాబు ఎవరికీ సరిపోలేదు. ఆదివారం నడకకు ఎవరూ వెళ్లలేదు. బాల్కనీలోంచి చూస్తే ఆయన మూలమలుపు దగ్గర పావుగంట నిలబడి, తర్వాత ఒక్కరే బయల్దేరారు. మూడు ఆదివారాలు అలాగే జరిగింది. మూడు సార్లూ నేను పరదా వెనకే ఉన్నాను.

నాలుగో వారం వార్డు ఆఫీసు నుంచి సర్వేయరు వచ్చి పార్కు కొలిచాడు. అతని చేతిలో అసలు లేఅవుట్ ఉంది. పార్కు హద్దు దాంట్లో స్పష్టంగా గీసి ఉంది. చాచాకు సూపర్‌వైజరు ఇచ్చింది దాని నకలే. అది నిజమైనదా, తనను ఇరికించడానికి ఇచ్చిందా అని ఆయనకే అనుమానం. అందుకే మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగి, అసలుతో పోల్చి చూపించమని అడిగి, ఆ తర్వాతే నోరు విప్పారు. వారం తిరగకుండా రేకులు వెనక్కి జరిగాయి.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. "తప్పయిపోయింది చాచా," అన్నాను.

"అనుమానపడుడు తప్పు గాదు. నేను సుత జిందగీ మొత్తం అనుమానంతోనే బతికిన," అన్నారు. "కానీ ఎదురిల్లే గద. రోడ్డు దాటి నన్నే అడగొచ్చు గద."

చాచీ చాయ్ తెచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నన్ను మేడమ్ అని పిలిచారు. నడకలు మళ్లీ మొదలయ్యాయి, అందరూ వచ్చారు, ఆయన అందరితో నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం మేడమ్. ఒక ఆదివారం, నడక నియమాన్ని పక్కనబెట్టి, బస్సెక్కి బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లాం. పైవరస నిగనిగలాడుతుంటే ఒక టమాటా ట్రే బేరం కుదిర్చేశాను. పక్కనుంచి చెయ్యి వచ్చి పైవి పక్కకు జరిపింది. కింద సగం మెత్తబడ్డవి.

"కింద సూడాలె బేటీ," అన్నారు చాచా.

టమాటాలు వదిలేసి అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

సూపర్‌వైజరు ఆ కాగితం ఎందుకిచ్చాడో చాచాకూ తెలియదు. అడిగితే, "మంచోడో, ఓనరు మీద కోపమో. తెల్వది. తెల్వనిదాన్ని మంచితనం అని నేన్ రాసుకోను," అన్నారు. రేకుల జాగాలో గోడ లేచాక మళ్లీ కొలిచారు. ఒక మూల జానెడు తక్కువ వచ్చింది. జానెడే కదా అన్నాడు ప్రెసిడెంటు. చాచా ఆ జానెడు కోసం చివరిదాకా అర్జీలు రాస్తూనే ఉన్నారు. మోకాళ్లు నొప్పిపెట్టి దూరాలు మానేసినా పార్కు దాకా మాత్రం వచ్చేవారు. గుండె ఆగింది కూడా తెల్లవారి నమాజుకు లేచి, ముఖం కడుక్కుంటుండగానే అని చాచీ చెప్పింది.

మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత జనాజా లేచింది. ఆడవాళ్లం గేటు దగ్గర ఆగిపోయాం. మా ఆయన, రైల్వే గార్డు భుజం మార్చుకుంటూ సందు చివర దాకా మోయడం చూశాను.

తర్వాతి ఆదివారం ఎవరూ ఎవరికీ చెప్పకుండానే నలుగురం మూలమలుపు దగ్గర కలిశాం. ఎటు వెళ్లాలో తెలియలేదు. అప్పుడు చాచీ కిటికీ పరదా తొలగింది. భర్త పోయాక పాటించే ఇద్దత్ కదా, నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటదు.

"ఏడికి?" అంది.

"స్టేషన్ వంతెన దాకా, చాచీ," అన్నాను.

"పోయిరాండ్రి."

వెళ్లి, రెండు రైళ్లు చూసి, ఎండెక్కేలోగా తిరిగొచ్చాం. కిటికీ తెరిచే ఉంది. చాచీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"నిజంగ పోయిండ్రా? లేకుంటే చాయ్ దుకాణంల కూసొని వచ్చిండ్రా?"

"నిజంగా వెళ్లాం చాచీ."

ఆమె ఊచలకు నుదురు ఆనించి, చూపు కిందికి దించి, మా నలుగురి చెప్పులకూ దుమ్ము ఉందో లేదో ఒక్కొక్క జతే చూసుకుంటూ వచ్చింది.