పద్దెనిమిది వందల్లోంచి ముప్పయ్యారు

ఎంబీఏ ప్రవేశపరీక్ష కోసం ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో గది తీసుకుని చదువుకుంటున్న రోజులవి. పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు కనుక కోచింగ్‌లో మాకు రెండు విషయాలు నూరిపోశారు. సున్నాతో ముగిసే దగ్గరి సంఖ్యతో గుణించి తేడా తీసెయ్యాలి. నిమిషం దాటిన లెక్కను వదిలేసి ముందుకెళ్లాలి.

పరీక్ష మొదలవుతుండగా నా పెన్సిల్ విరిగింది. పక్క సీటు అమ్మాయి తన దగ్గరున్న రెండోది ఇచ్చి, "రఖ్ లో దీదీ" అంది, ఉంచుకో అక్కా అని.

గంట తర్వాత ఆ అమ్మాయే స్పృహతప్పి కింద పడిపోయింది. అప్పుడు నేను నలభై తొమ్మిదిని యాభై అనుకుని ముప్పయ్యారుతో గుణిస్తున్నాను.

"ఆప్‌కే సాథ్ హై?" అని, మీతో వచ్చిందా అన్నట్టు, ఇన్విజిలేటర్ నన్నడిగారు.

"నహీఁ సర్" అని, పద్దెనిమిది వందల్లోంచి ముప్పయ్యారు తీసేశాను. ఆమెను మోసుకెళ్తున్నా తలెత్తలేదు.

నాకు సీటొచ్చింది. ఆ అమ్మాయి తేరుకుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ జవాబు గడి నింపింది మాత్రం ఆమె పెన్సిల్‌తోనే.